మూడోసారి అడిగేదాకా

ఏప్రిల్ 13

క్రిస్మస్‌కి ఈ డైరీ సోల్వే ఇచ్చింది. "రాసుకో అక్కా, అన్నీ లోపల పెట్టుకుంటే రక్తపోటు" అంది. లోపల పెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇన్ని తెల్ల కాగితాలు దండగవుతాయని మాత్రమే మొదలుపెడుతున్నాను.

మంచు కరిగిపోయింది. మంచు తోసే బండి వాకిలి చివర పోసిపోయిన నల్లటి కుప్ప ఒకటి మిగిలింది. షెడ్డు తలుపు తీశాను. గడ్డి కోసే మిషను అక్టోబరులో ఎలా తోసేశానో అలాగే ఉంది, మూతి గోడకేసి. బయటికి లాగి, దుమ్ము తుడిచి, తాడు పట్టుకుని లాగాను. కనీసం దగ్గలేదు.

ఎందుకో నాకు తెలుసు. టాంకులో నిరుటి పెట్రోలు ఉండిపోయింది. చలికాలానికి లోపల పెట్టేముందు టాంకు ఖాళీ అయ్యి, మిషను దానంతటది ఆగిపోయేదాకా నడపాలి. లేకపోతే పెట్రోలు జిగురైపోయి కూర్చుంటుంది. మా ఆయన హాల్వర్ పోయిన దగ్గర్నుంచి ఈ పని నేనే చేస్తున్నాను. ఒక్క ఏడూ మరచిపోలేదు. నిరుడు మరచిపోయాను. ఎందుకు మరచిపోయానో ఇక్కడ రాయను.

పక్కింటి లియో వరండాలోంచి చూసి దిగి వచ్చాడు. బ్రూక్లిన్ మనిషి. అక్కడ భూమి కింద రైలు నడిపి నడిపి, పని మానేశాక, కూతురికి మా మినెసోటా ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే దాని వెంట ఈ ఊరొచ్చాడు. పచ్చిక అనేదాన్ని సొంతానికి చూడటం ఇక్కడే మొదలు. "ఏమైందండీ, నేను చూడనా?" అని అడిగాడు. "అయ్యో, వద్దులెండి. చిన్న పనే" అన్నాను. "సరే" అని వెళ్ళిపోయాడు.

సరే అట.

ఏప్రిల్ 15

మళ్ళీ మంచు పడింది. ఎవరూ రాలేదు. ఎవరో వస్తారని కాదు.

ఏప్రిల్ 18

సోల్వే వచ్చింది. నా చెల్లెలు ఊరికి ఆ చివర కాపురం ఉంటుంది, కబుర్లకి ఈ చివర తిరుగుతుంది. వంటింటి కిటికీలోంచి బయటికి చూసి, "మిషను అక్కడెందుకు పెట్టావే? ఆయనకి కనపడాలనా?" అంది. గాలి తగలాలని పెట్టానన్నాను. ఇనుముకి గాలెందుకని అడగలేదు, అది మంచిదే.

అది వెళ్ళాక ఆలోచించాను. ఎవరూ చదవని డైరీలో కూడా మొహమాటం దేనికి? రాసేస్తాను.

అక్టోబరులో, టాంకు ఖాళీ చేద్దామని నేను మిషను నడుపుతూంటే, లియో ఆకులు లాగే కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆపమని చేత్తో సైగ చేశాడు. ఆపాను. "ఆర్డిస్ గారూ, ఈ చలికాలం మనం రెండిళ్ళకి వేడి పెట్టుకోవడం దేనికండీ? పెళ్ళి చేసుకుంటే ఒక్క ఇల్లు సరిపోతుంది కదా" అన్నాడు.

నేను "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నాను. మిషనుని ఉన్నపళాన షెడ్డులోకి తోసేసి, ఇంట్లోకి వచ్చి, మొహం కడుక్కుని, అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను. అరవై ఏడేళ్ళదాన్ని. పెట్రోలు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ నాడు, గుమ్మడికాయ తీపి రొట్టె ఒకటి చేసి పట్టుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "నేనప్పుడు నవ్వులాటకి అనలేదండీ. ఇంకోసారి అడుగుతున్నాను" అన్నాడు. "వద్దులెండి, నాకేం ఫరవాలేదు" అన్నాను. రెండయ్యాయి. మర్నాడే బీరువాలో హాల్వర్ కోట్లున్న సగాన్ని ఖాళీ చేసి, కోట్లన్నీ చర్చికిచ్చేశాను.

మూడోది రాలేదు. డిసెంబరు పోయింది. చలికి మేకులు విరిగే జనవరి పోయింది. మార్చి పోయింది. వరండాలో కనపడితే చెయ్యి ఊపుతాడు, చలి ఎక్కువగా ఉందంటాడు. ఎక్కువగానే ఉంది అంటాను.

ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మొదటిసారి అడిగితే మర్యాదకి అడిగినట్టు, మర్యాదకి వద్దనాలి. రెండోసారి అడిగితే మనసు మెత్తన చేసుకోవాలి గానీ అప్పుడూ వద్దనాలి. మూడోసారి అడిగితే "సరే, మీరంతగా అంటుంటే" అనాలి. కాఫీకైనా అంతే, పెళ్ళికైనా అంతే. హాల్వర్ ఒక్క సాయంత్రంలో, గాలాలు సర్దుకుంటూ, మూడుసార్లూ అడిగేసి ఊరుకున్నాడు. మొదటిసారికే ఒప్పేసుకునే ఆడదాన్ని ఇక్కడ ఏమంటారో నాకు బాగా తెలుసు. చాలామందిని నేనే అన్నాను.

మనసు మారి ఉంటుంది. మగవాళ్ళ మనసు, ఎవరికి తెలుసు. నాకైతే గడ్డి మిషను బాగవ్వడమే ముఖ్యం.

ఏప్రిల్ 22

ఇవాళ కొత్త పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. ధర చీటీ కూడా తియ్యలేదు. "ఆర్డిస్ గారూ, నన్నొకసారి చూడనివ్వండి" అన్నాడు.

ఆయనకి మిషను గురించి ఏమీ తెలియదు. ఆయనది బ్యాటరీతో నడిచేది, కుట్టు మిషనంత చప్పుడు కూడా చెయ్యదు. నా మిషనులో పెట్రోలు ఎక్కడ పోస్తారో కూడా తెలియని మనిషి పెట్టె కొనుక్కుని వచ్చాడంటే అది మిషను కోసం కాదని నాకు అర్థం కాదా?

"వద్దులెండి, మీ చేతులు పాడవుతాయి" అన్నాను. ఎంత మెత్తగా అన్నానంటే, ఏ గొడ్డుకైనా తెలిసిపోతుంది, ఇంకొక్కసారి అడగమని. లోపల రెండు కప్పులు పెట్టి ఉంచాను. పొయ్యిలో నిమ్మకాయ కేకు అప్పుడే అయింది, వాసన వాకిట్లోకి వస్తూనే ఉంది.

"సరే" అని పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. కేకు నేనే తిన్నాను. నాలుగు ముక్కలు.

ఏప్రిల్ 24

రాలేదు.

ఏప్రిల్ 25

రాలేదు. వాన అనుకో.

ఏప్రిల్ 27

లియో కూతురింటికి వెళ్ళాడు. సాయంత్రం దాకా రాడు. నేను మిషను బాగుచేశాను.

పాత పెట్రోలు డబ్బాలోకి వంచితే వార్నీషు వాసన వచ్చింది. గాలి వడగట్టే డబ్బా మూత తీస్తే లోపల ఎలుక గూడు. నా బూడిదరంగు ఉన్ని చేతి తొడుగు ఒకటి చలికాలమంతా కనపడలేదు, సోల్వే పట్టుకుపోయిందనుకున్నాను. దాంతో పక్క వేసుకుని హాయిగా పడుకుని పోయింది ఆ ఎలుక మహాతల్లి. కార్బురేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది, అది విప్పితే అడుగున తేనెలా జిగురు. మధ్యలో చీమ తల పట్టేంత రంధ్రం, అది పూర్తిగా పూడిపోయింది. రొట్టె సంచి మూతికి చుట్టే తీగ ఒలిచి, దానితో పొడిచి పొడిచి వెలుగు కనపడేదాకా శుభ్రం చేశాను. స్పార్క్ ప్లగ్ గీకాను. కొత్త నూనె, కొత్త పెట్రోలు పోశాను.

తాడు లాగాను. ఏమీ లేదు. ఇంకోసారి. ఒక తుమ్ము. ఇంకోసారి లాగేసరికి నీలం పొగ వదిలి, ఒళ్ళంతా వణికి, అందుకుంది. ఆ చప్పుడు విని ఎంత సంతోషమేసిందో. వంటింటి అప్రాన్‌తోనే పెరట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. చలికాలమంతా చచ్చినట్టు ఊరుకున్నది మళ్ళీ పలికితే ఎవరికైనా అంతే.

తర్వాత ఆపేశాను. ప్లగ్ మీది వైరు పీకేసి పక్కన పెట్టాను. వైరు లేకపోతే ఇంక ఎంత లాగినా పలకదు. అలా తీసి ఉంచడమే మంచిది, చిన్నపిల్లలెవరైనా వచ్చి ముట్టుకుంటే ప్రమాదం.

మా ఇంటికి చిన్నపిల్లలెవరూ రారు.

మే 4

గడ్డి లేచింది. అందరూ ఒక కోత కోసేశారు. ఈ వీధిలో ఇంటికీ ఇంటికీ మధ్య కంచెలు లేవు, పచ్చికలన్నీ కలిసే ఉంటాయి. నా కోత లైలాక్ పొద దగ్గర ఆగుతుంది, అక్కణ్ణుంచి లియోది. జానెడు అటు కోస్తే చొరవ, జానెడు ఇటు వదిలితే అలక. అందుకని అందరం తాడు పట్టి కొలిచినట్టు కోస్తాం. ఇప్పుడు లైలాక్‌కి అటు తివాచీ, ఇటు అడవి.

రోజూ పొద్దున లియో కాఫీ పట్టుకుని వరండాలోకి రాగానే నేను వెళ్ళి తాడు లాగుతున్నాను. వైరు లేని మిషను తాడు. కుడి భుజం పట్టేసింది. నిన్న అక్కణ్ణుంచే, "కాస్త వంగి లాగండి" అని కేకేశాడు. అది సాయం చేస్తానన్నట్టా, సలహానా? సోల్వేకి ఫోను చేసి అడిగాను. సలహా లెక్కలోకి రాదంది.

ఆయనకి ఈ మూడుసార్ల సంగతి చెప్పెయ్యనా అని కూడా అడిగింది. వద్దని ఒట్టు వేయించుకున్నాను. చెప్పించుకుని అడిగితే అది అడిగినట్టు ఎలా అవుతుంది?

మే 5

చర్చిలో గొప్ప సంగతి జరిగింది. కింద హాల్లో కాఫీ దగ్గర, పళ్ళెంలో చాక్లెట్ కేకు చివరి ముక్క మిగిలింది. చివరి ముక్క ఎవరూ తియ్యరు కదా. ఎవరో సగం కోశారు, ఇంకెవరో ఆ సగంలో సగం కోశారు. తర్వాత వచ్చినావిడ అందులో పోగంత తుంచుకుంది. అంతలో లియో వచ్చాడు. "ఇది తీసుకుంటారా?" అని పాస్టరమ్మ మాటవరసకి అడిగింది. "ఓ" అని మొత్తం నోట్లో వేసుకున్నాడు. హాలంతా అటు తిరిగింది. పిల్లలు కూడా నోళ్ళు తెరిచి చూశారు.

సోల్వే మొగుడు వెర్నన్ మా మరిది, జాలిగుండె మనిషి. లియో భుజం మీద చెయ్యేసి మూలకి తీసుకెళ్ళి, ఇక్కడ ఎవరేం పెట్టినా రెండుసార్లు వద్దనాలని, మూడోసారి పెడితేనే పుచ్చుకోవాలని చెప్పాడట. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమని లియో చాలా బాధపడ్డాడట. శ్రద్ధగా విని, ఒకటికి రెండుసార్లు అప్పజెప్పాడట కూడా.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరి ఒట్టూ తప్పలేదు. ఆయనకి దానంతటదే తెలిసింది. ఇంక లెక్క కట్టుకుంటాడు. అక్టోబరు, నవంబరు. రైలు నడిపిన మనిషికి రెండు దాకా లెక్క రాదా?

నీలం జాకెట్టు ఇస్త్రీ చేశాను. ఊరికే, నలిగి ఉంది కదా అని.

మే 6

రేపు వస్తాడు.

మే 7

రేపు.

మే 10

తినడం గురించి చెబితే తినడం వరకే అర్థం చేసుకునే మనుషులుంటారు.

మే 11

వెర్నన్ తన పనిముట్లన్నీ ట్రక్కులో వేసుకుని వచ్చేశాడు. ట్రాక్టర్లు బాగుచేసేవాడికి గడ్డి మిషనెంత? "వదినా, నేను చూస్తా" అన్నాడు. వద్దన్నాను. మళ్ళీ అడిగాడు, వద్దన్నాను. మూడోసారి అడిగి, నా జవాబు కోసం ఆగకుండా మిషను దగ్గరికి నడిచాడు. వైరు చూస్తే కొంప మునుగుతుంది. పరుగెత్తి ఎదురు నిలబడి, మూడోసారి కూడా వద్దన్నాను.

వెర్నన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. పాపం, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. మెల్లిగా వెనక్కి వెళ్ళి ట్రక్కెక్కాడు.

గంటలో సోల్వే ఫోను. "మూడోసారికి వద్దంటావా? నీకేమైనా జ్వరమా? మా ఆయన ముఖం వేలాడేసుకుని వచ్చాడు" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, "అయితే మిషను బాగానే ఉందన్నమాట" అంది. ఈ చెల్లెలితో వేగలేను. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది నీ సంగతి" అని ఫోను పెట్టేసింది.

మే 14

గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది. నిండా పసుపు పచ్చటి డాండెలయన్ పూలు. ఇవాళ కాలేజీ అమ్మాయి ఒకతి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. తేనెటీగల కోసం మే నెలంతా గడ్డి కొయ్యకుండా ఉంచమని వాళ్ళు ఊరంతా తిరుగుతుంటే, మాట విన్న పెద్దావిడని నేనొక్కదాన్నేనట. ముందు వాకిట్లో తేనెటీగ బొమ్మ ఉన్న బోర్డు పాతింది. వద్దని రెండుసార్లు అన్నాను. అప్పటికే సుత్తితో కొట్టేస్తోంది.

లియో లైలాక్ దాకా వచ్చి బోర్డు చదివాడు. ముఖం విప్పారింది. "తేనెటీగల కోసమా! అందుకా నన్ను ముట్టుకోనివ్వలేదు. నేనింకా మిషను పాడైందనుకుని మిమ్మల్ని ఊరికే విసిగించాను" అన్నాడు.

విసిగించలేదండీ అన్నాను. చిన్నగా అన్నాను, వినిపించిందో లేదో.

మే 19

ఇవాళ చర్చిలో కాఫీ దగ్గర లియో చెప్పాడు. ముప్పయ్యో తారీఖున వెళ్ళిపోతున్నాడట. బ్రూక్లిన్‌లో వాళ్ళ చెల్లెలి ఇంట్లో పై వాటా ఖాళీ అయింది. కూతురికి పనే లోకం, తనుంటే ఒకటి లేకపోతే ఒకటి అన్నాడు. "ఇక్కడ నన్నుండమనేవాళ్ళు ఎవరున్నారు?" అని నవ్వుతూ నావైపు చూశాడు. నేను కప్పులోకి చూశాను.

బయటికొచ్చాక నన్నాపి, తన బ్యాటరీ మిషను నన్ను తీసుకోమన్నాడు. అక్కడ పచ్చిక లేదు, ఏం చేసుకుంటానన్నాడు. నా నోరు "వద్దులెండి" అంది. నేను అనలేదు, అదే అంది. ఇన్నేళ్ళు అలవాటైన నోరు.

"సరే" అన్నాడు.

మే 20

పొద్దున్నుంచి ఏడుపొస్తోంది. రాయడానికి సిగ్గేమీ లేదు. ఆయన వెళ్ళిపోవడం నాకిష్టం లేదు. ఎదురింటి దీపం వెలిగితే నాకు అన్నం సహిస్తుంది. అంతే సంగతి.

పక్కింటి. ఎదురిల్లు కాదు. ఏం రాస్తున్నానో కూడా తెలియడం లేదు.

మే 22

సోల్వే వచ్చి కూర్చుంది. నేను కాఫీ పోస్తే మొదటిసారికే తీసుకుంది, ఎంత కోపంగా ఉందో దాన్నిబట్టి తెలిసింది. "నువ్వే అడుగు" అంది. ఆడది అడగడమేంటన్నాను. "అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు వద్దన్నావు, ఆయన నమ్మాడు. నీ మాట నమ్మిన పాపానికి మనిషి సామాను సర్దుకుంటున్నాడు" అంది.

ఆయన మూడోసారి అడగలేదని ఆర్నెల్లుగా అలిగి కూర్చున్నాను. ఆయన వైపునుంచి చూస్తే రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ వద్దనిపించుకున్నాడు. అయినా చలికాలమంతా పలకరిస్తూనే ఉన్నాడు, చివరికి పనిముట్ల పెట్టె కూడా కొన్నాడు. ఇదంతా నాకు ఇప్పుడే తట్టింది.

కాదు, ఇప్పుడు కాదు. ఆ ధర చీటీ చూసినప్పుడే తట్టింది.

మే 25

ఇవాళ్టి సంగతి మొత్తం రాస్తాను.

పొద్దున నీలం జాకెట్టు వేసుకున్నాను. వైరు తీసుకెళ్ళి ప్లగ్‌కి తగిలించాను. ఒక్క లాగుకి అందుకుంది, నాకంటే దానికే తొందరగా ఉన్నట్టుంది. చక్రాలు బాగా ఎత్తు చేశాను. అయినా ఆ అడవిలో రెండుసార్లు ఊపిరాడక ఆగింది. అడుగున చుట్టుకున్న పచ్చగడ్డి లాగేసి మళ్ళీ నడిపాను. తేనెటీగ బోర్డు చుట్టూ మాత్రం చాపంత మేర వదిలేశాను, ఆ పిల్ల మనసు కష్టపెట్టుకుంటుంది.

లియో వరండాలోకి వచ్చాడు. వెనక గుమ్మంలో అట్టపెట్టెలు కనపడుతున్నాయి. నేను లైలాక్ పొద దాకా వచ్చాను. ఇన్నేళ్ళూ అక్కడ తిరిగిపోయాను. ఇవాళ తిరగలేదు. అలాగే దాటి, ఆయన పచ్చిక మీదుగా, ఆయన నున్నగా కోసుకున్న గడ్డి మీద నా చక్రాల గుర్తులు పడుతుండగా, మెట్ల దాకా తోసుకుంటూ వెళ్ళి ఆపాను. వీధిలో అవతల పక్క మొక్కలకి నీళ్ళు పోస్తున్నావిడ నీళ్ళు పొయ్యడం మానేసింది.

"ఆగిపోయిందా?" అని అడిగాడు.

"ఆపాను."

"మీ గీత దాటి వచ్చేశారండీ."

"చూశాను" అన్నాను. ఊపిరి తీసుకున్నాను. "లియో గారూ, వచ్చే చలికాలం రెండిళ్ళకి వేడి పెట్టుకోవడం దేనికండీ? వెళ్ళకండి. పెళ్ళి చేసుకుందాం."

ఆయన ముఖం ఎర్రబడింది. కప్పు పక్కన పెట్టాడు. పెట్టెలవైపు చూశాడు, నావైపు చూశాడు. "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నాడు.

నేనన్న మాటే. నాకిలా కావలసిందే అనుకున్నాను. మిషను పిడి పట్టుకుని వెనక్కి తిప్పబోయాను. కానీ ఆయన లోపలికి పోలేదు. ఇంకో రోజైతే ఈపాటికి "సరే" అని పోయేవాడు, లేదా నన్ను పోనిచ్చేవాడు. సిగ్నలు దగ్గర బండి ఆపుకున్నవాడిలా, కదలకుండా, రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తూ నిలబడ్డాడు.

మళ్ళీ అడిగాను. "నిజంగానే అడుగుతున్నానండీ. పెళ్ళి చేసుకుందామా?"

"వద్దులెండి, నాకేం ఫరవాలేదు" అన్నాడు. ఒక మెట్టు కిందికి దిగి, చిన్నగా, "రెండుసార్లు వద్దనాలని వెర్నన్ గారు చెప్పారు. సరిగ్గానే అంటున్నానా?" అని అడిగాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అడిగేవాళ్ళు మూడుసార్లు అడగాలని చెప్పలేదా ఆయన?" అన్నాను.

"లేదండీ. పుచ్చుకోవడం గురించే చెప్పారు" అన్నాడు. అప్పుడు మెల్లిగా తెలిసొచ్చింది ఆయనకి. వేళ్ళు మడిచాడు. "అయితే అక్టోబరులో నేను..."

"ఒకటి" అన్నాను.

"నవంబరులో?"

"రెండు."

మెట్టు మీద కూర్చుండిపోయాడు. "ఆర్డిస్ గారూ, నేను రైలు నడిపినవాణ్ణి. ఎర్రదీపం కనపడితే ఆపాలి. రెండోసారీ ఎరుపే వెలిగాక బండి ముందుకి పోనిస్తే ఉద్యోగం పోతుంది" అన్నాడు. "చలికాలమంతా మీరు నా మీద కోపంగా ఉన్నారనుకున్నాను."

"ఉన్నాను" అన్నాను.

"మూడోసారి ఇప్పుడు నన్నడగమంటారా?"

వద్దన్నాను. మొదలుపెట్టింది నేను, గీత దాటింది నేను, పూర్తి చెయ్యవలసిందీ నేనే. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని మూడోసారి అడిగాను. ఏమని అడిగానో రాయను, అది ఆయనకొక్కడికే.

"సరే" అన్నాడు. తర్వాత చెయ్యెత్తి ఆగమని, గొంతు సవరించుకుని, సరిగ్గా మావాళ్ళన్నట్టే అన్నాడు. "సరే, మీరంతగా అంటుంటే."

వైరు సంగతి ఇంకా చెప్పలేదు. పెళ్ళయ్యాక చెబుతాను.

మే 26

చర్చిలో అందరికీ ముందే తెలిసిపోయింది. నీళ్ళు పోసినావిడ పని. వెర్నన్ లియోతో చెయ్యి కలిపి, అంతా తన పాఠం వల్లే అని హాలంతా చెప్పుకుంటున్నాడు. పళ్ళెంలో చివరి ముక్క లియో ముందు పెట్టారు. రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి ఎవరూ అడగలేదు, నవ్వుతూ చూస్తూ నిలబడ్డారు దుర్మార్గులు. నేనే అడిగి పెట్టాను.

ఆయన బ్యాటరీ మిషను అమ్మేద్దామంటే వద్దన్నాడు. అది నిజంగా వద్దనో, ఇంకా రెండుసార్లు అడగాలో తెలియడం లేదు. ఈ మనిషికి పాఠం చెప్పి తప్పు చేశాం.

అక్టోబరు 19

చాలా రోజులైంది ఇందులో రాసి. తీరిక లేదు.

ఇవాళ మిషను లోపల పెట్టాను. ముందు పచ్చికలో పైనుంచి కిందికి, లైలాక్‌కి అటూ ఇటూ, ఆకుల మీదుగా నడుపుతూ టాంకు ఖాళీ అయ్యేదాకా తిప్పాను. చివర రెండు తుమ్ములు తుమ్మి దానంతటదే ఆగిపోయింది. గాలి డబ్బా మూతకి గుడ్డ కట్టాను, ఈసారి ఆ మహాతల్లి ఇంకో ఇల్లు చూసుకోవాలి.

లియో ఆకుల కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. చలిగా ఉంది, కాఫీ పెట్టమంటావా అని అడిగాడు.

పెట్టమన్నాను. మొదటిసారికే.